అర మార్కు

సందకాడ కొండపిలో
బ్యారన్ పక్కన కుళాయి కింద
మూడుసార్లు సబ్బేసి కడిగినా ఆకు వాసన పోదు.
ఆ వేళ్ళతోనే ఓపెన్ స్కూలు గైడు తిప్పుతా.
పేజీల మూలలన్నీ పొగాకు రంగు.
"అమ్మా, నీ ఇంగ్లీషు చుట్ట కంపు" అంటది షారోను,
ముక్కు మూసుకుని.

పదో తరగతి గట్టెక్కితే
అంగన్‌వాడీలో అప్లికేషను పెట్టొచ్చంట.
ముప్పై అయిదు దాటితే తీసుకోరంట.
నాకు ముప్పై మూడు, ఆధార్ కార్డు లెక్కన.

"మాటల్ని కలగాపులగం చేసి ఇస్తారు,
నువ్వు వరసలో పెట్టాల. రెండు మార్కులు"
అన్నాడు నాగూర్ మీరా సారు.
అదేగా సార్ పొద్దున్నించీ నేను చేసేది!
మండె విప్పి
అడుగాకు ఈ పక్క, నడిమాకు ఆ పక్క,
మచ్చపడింది, మాడింది, పచ్చ తిరిగింది.
కళ్ళక్కర్లేదు, వేలికొసే చెబుతది.
కాకపోతే ఆకుని ఏ కుప్పలో పడేసినా ఆకే.
ఇంగ్లీషు మాట చోటు మారితే
మనిషే మారిపోతాడు.

మన మాటలు కూలికి పొయ్యే ఆడోళ్ళు.
కు, ని, తో, లో,
ఎవరి క్యారేజీ వాళ్ళ చంకలోనే.
ఆటోలో ముందెక్కినా, వెనక వేలాడినా
ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుస్తానే ఉంటది.
ఓనరు నాకు బాకీ,
నాకు బాకీ ఓనరు,
ఎట్టా తిప్పినా బాకీ ఆయనదే,
ఆ ఒక్క 'కు' నా కొంగున ముడేసుకుంటే చాలు.
ఇంగ్లీషు మాటలు చేతులూపుకుంటా వస్తాయి.
కూర్చున్న కుర్చీని బట్టే మర్యాద.

నిన్నటి లెక్క ఇది:
ఛేజ్డ్, డాగ్, ది, బాయ్, ది.
ది బాయ్ ఛేజ్డ్ ది డాగ్ అని రాశా.
సారు గైడు చివర జవాబు చూసి
ఎర్రగా ఇంటూ కొట్టాడు.
కుక్కే తరమాలంట కుర్రోణ్ణి.

"మా వీధికొచ్చి చూడండి సార్,
ఏ కుక్కన్నా ఏ పిల్లోణ్ణన్నా తరిమిందేమో!
మా ఇశ్రాయేలు చిన్నోడి చేతిలో రాయి చూస్తే
టంగుటూరు రోడ్డు దాకా ఆగదది."

రేకుల షెడ్డు మొత్తం నవ్వింది.
సారు నవ్వలా.
పెన్ను మూత కొరుకుతా చానాసేపు
నా గీత వంక, గైడు వంక చూశాడు.
గైడు రాసినాయన ఏ వీధిలో పుట్టాడో
ఆయనకీ తెలవదనుకుంటా.
ఇంటూని కొట్టేసి
పక్కన అర మార్కేశాడు.

తప్పయితే సున్నా, ఒప్పయితే రెండు,
మధ్యలో ఈ అర ఏంది సార్?
అడుగుదామని లేచా. కరెంటు పోయింది.

ఇంటికొచ్చే దారిలో గుర్తొచ్చింది
గుమాస్తా నోటుబుక్కు.
అందులో నా పేరు మీద మూడు మాటలే ఉంటాయి:
పెంచలమ్మ. బాకీ. ఆరువేలు.
కు లేదు, ని లేదు.
ఏడు వారాల కూలి ఆపింది వాళ్ళు,
"వేలంలో రేటు పడిపోయింది, ఆగండమ్మా" అని.
పండక్కి నేను తీసుకున్న అడ్వాన్సు పదిహేను వందలు.
అయినా ఆ పుస్తకం తెరిచినోడు ఎవడైనా
బాకీని నా నెత్తినే పెట్టి చదువుతాడు.
మన మాటల చేతుల్లో క్యారేజీలు
ఎవడు లాగేసుకున్నాడో!

రేషన్ సంచి అట్ట చించి
ముక్కల మీద రాశా:
ఓవ్స్. ఓనర్. పెంచలమ్మ. ది.
చాప మీద ఒకసారి ఇట్టా పేర్చా,
ఒకసారి అట్టా.
రెండూ ఒప్పే, గ్రామరు ప్రకారం.
షారోను నిద్రలో కాలు జాపితే చెదిరిపోయినాయి.

దీపం ఇంకాస్త పెద్దది చేసి మళ్ళీ పేర్చా.
ది ఓనర్ ఓవ్స్ పెంచలమ్మ.
చివర ఫుల్‌స్టాప్ పెట్టా.
గైడులో అది ఇవ్వరు,
ఎవరికి వాళ్ళే పెట్టుకోవాల.